బ్రేకులకు 18,419 రూపాయలు అన్నారు

తిరుమల నుంచి దిగే దారిలో, ఇంకో ఆరేడు మలుపులు దాటితే అలిపిరి వస్తుందనగా, కాలి కింద బ్రేక్ పెడల్ మెత్తబడింది. ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. ఇంకా కిందికి పోయింది. వదిలి మళ్లీ నొక్కితే పట్టుకుంది గానీ, నీళ్లలో నానిన స్పాంజిని తొక్కినట్టు అనిపించింది. కిటికీలోంచి కాలిన వాసన వస్తోంది. వెనక సీట్లో అమ్మ, పక్కన తొమ్మిదేళ్ల బాబు. ఎదురుగా లోయ అంచున పిట్టగోడ.

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు అది. ఇప్పుడు కిందికి దిగే బండ్లన్నీ దాని మీదే వస్తాయి. తల వెంట్రుకల పిన్నులా వంగిన మలుపులు ముప్పై ఆరు. గేరు రెండులోకి మార్చి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపాను. చేతులు వణకడం ఆగాక చిత్తూరులో ఉన్న మా మామయ్యకు ఫోను చేశాను. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు.

"చక్రాల మీద నీళ్లు పోయకు. వేడి మీదున్న డిస్కు వంకర పోతుంది. అరగంట అలాగే వదిలెయ్. ఏ గేరులో దిగుతున్నావు?"

"మూడులో, మామయ్యా."

"ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలమ్మా. బండిని ఇంజను పట్టుకోవాలి, బ్రేకు కాదు. చల్లారాక రెండులోనే దిగు. బెంగళూరు చేరగానే బ్రేకులు విప్పించు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించావో చూసుకో."

అరగంట తర్వాత పెడల్ మళ్లీ గట్టిపడింది. రెండో గేరులో దిగాం. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ వచ్చినప్పుడు నేనెంత నెమ్మదిగా వెళ్లానంటే, వెనక లారీలు హారన్లు మోగిస్తూనే ఉన్నాయి. రాత్రి పదకొండుకు మహదేవపురలో ఇంటి ముందు బండి ఆపేవరకు ఎవరం మాట్లాడుకోలేదు.

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. 2018 మోడల్, పెట్రోల్. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, అంటే చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపుతాయి. వెనక డ్రమ్ బ్రేకులు, అక్కడ డ్రమ్ము లోపలి గోడను షూలు నొక్కుతాయి. మన దేశంలో ఈ పరిమాణంలో తిరిగే కార్లలో ఎక్కువ భాగానికి ఉండే ఏర్పాటే. అప్పటికి 71,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు ప్యాడ్లు 34,000 దగ్గర ఒకసారి మార్పించాను. టిన్ ఫ్యాక్టరీ, కె.ఆర్.పురం వంతెన, అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ దారిలో ఎక్సలరేటరు కంటే బ్రేకు మీదే కాలు ఎక్కువసేపు ఉంటుంది.

మర్నాడే కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఉదయం తొమ్మిదిన్నరకు బండి అప్పగించాను. పదిన్నరకు అంచనా చీటీ ఫోనుకు వచ్చింది. ముందు బ్రేక్ ప్యాడ్లు 2,350. ముందు డిస్కులు రెండు 5,180. వెనక బ్రేక్ షూలు 1,640. వెనక డ్రమ్ములు రెండు 3,400. బ్రేక్ ఆయిల్ 480. ఇవి పన్నుతో కలిపిన ధరలు. ఆపైన కూలీ: బ్రేకుల శుభ్రానికి 850, మార్పిడికి 2,600, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌లకు 1,100, ఈ మూడింటి మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 819. మొత్తం 18,419 రూపాయలు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన సరేనని నొక్కేద్దామనుకున్నాను. ముందు రోజు ఘాట్ మీద కాలి కింద ఖాళీ తగిలిన మనిషికి పద్దెనిమిది వేలు పెద్ద మొత్తంగా కనిపించదు. బ్రేకుల విషయంలో భయమే సంతకం పెట్టిస్తుంది. కానీ మామయ్య అడిగిన మాట గుర్తొచ్చింది. ఆయిల్ ఎప్పుడు మార్పించాను? పాత బిల్లుల ఫైలు బండిలోనే ఉంది. వెయిటింగ్ హాల్లో కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాను. మూడు బిల్లుల్లో 'బ్రేక్ ఆయిల్ టాప్-అప్' అని ఉంది. మార్చినట్టు ఒక్క బిల్లులోనూ లేదు. కొన్నప్పటినుంచీ అదే ఆయిల్.

సర్వీసు సలహాదారు దగ్గరకు వెళ్లి అడిగాను. "ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి?"

"ఎనభై శాతం అరిగిపోయాయి మేడమ్."

"శాతం కాదండీ, కొలత. డిస్కు మందం ఎంత ఉంది?"

"గాడి పడింది మేడమ్. డెబ్బై వేలు దాటిన బండి కదా, సెట్టు మొత్తం మార్చుకోవడం మంచిది."

బండి చూస్తానని లోపలికి వెళ్లాను. మా కారు చక్రాలకు ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. గుంతల్లో ఊడి పడిపోతుంటే నాలుగింటినీ నేనే నల్లటి కేబుల్ టైలతో రిమ్ముకు బిగించాను. చక్రం విప్పాలంటే ఆ టై కత్తిరించాల్సిందే. నాలుగు చక్రాల దగ్గరా వంగి చూశాను. నాలుగు టైలూ చెక్కుచెదరలేదు. రెండు చోట్ల టై ముడి మీద తిరుపతి దారి ఎర్రమట్టి కూడా అలాగే ఉంది.

చక్రం విప్పకుండా డ్రమ్ములోని షూ ఎలా ఉందో ఎవరికీ కనిపించదు. డ్రమ్ము అంటేనే మూత. అయినా చీటీలో షూలూ, డ్రమ్ములూ రెండూ ఉన్నాయి. ఆ అబ్బాయి కావాలని మోసం చేశాడని నేననను. కిలోమీటర్లు చూసి జాబితా రాయడం అక్కడ అలవాటై ఉండవచ్చు. పైగా బ్రేకులకు పని ఉందన్న మాట నిజమే. కానీ నేను డబ్బు ఇవ్వాల్సింది అరిగిన వస్తువుకు. కొలవకుండా అది అరిగిందని ఎలా తెలుస్తుంది? పనికి గ్యారంటీ ఇస్తారన్న ఆలోచన కొంతసేపు వెనక్కి లాగింది. చివరికి బండి తీసుకుని వచ్చేశాను. ఇంటికి రెండు కిలోమీటర్లు, ముందు బండికి చాలా దూరం వదిలి ఇరవై వేగంతో నడిపాను.

మా పై అంతస్తులో ఉండే మదనపల్లె అన్న ట్యాక్సీ నడుపుతారు. ఆయన బండికి ఏడాదికి రెండుసార్లు ప్యాడ్లు మారుతాయి. హూడి దగ్గర రేకుల షెడ్డులో ఒక మేస్త్రి ఉన్నారని, ములబాగిలు వైపు మనిషనీ, ఇంట్లో తెలుగే మాట్లాడతారనీ చెప్పారు. "కొలిచి చూపిస్తాడమ్మా. కొలవకుండా నోరు విప్పడు," అన్నారు. నాకు కావాల్సింది అదే.

శనివారం ఉదయం ఎనిమిదికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకు ఒక వైపు కాడ బదులు దారం. బండిని జాకీతో ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే చేయి వేశారు. అది చూడగానే సగం నమ్మకం కుదిరింది.

ఎడమ ముందు చక్రం విప్పారు. క్యాలిపర్ అంటే డిస్కును రెండు వైపులా పట్టుకునే ఇనుప పంజా. దానిలోంచి రెండు ప్యాడ్లు బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు. బయటి వైపుది, లోపలి వైపుది. మందం కొలిచే వెర్నియర్ నా చేతికే ఇచ్చారు. బయటి ప్యాడ్ మీద రాపిడి పదార్థం 5 మిల్లీమీటర్లు మిగిలి ఉంది. లోపలిది 2 మాత్రమే. కొత్తగా ఉన్నప్పుడు రెండూ సుమారు 10.

"రెండూ ఒకేలా అరగాలి కదా?" అన్నాను.

"అరగాలి. అరగలేదంటే క్యాలిపర్ జరగడం లేదని." క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది రెండు స్లైడ్ పిన్నుల మీద. వాటిని చూపించారు. ఒకటి వేలితో లాగితే వచ్చింది. రెండోదాన్ని సుత్తితో తట్టి తీయాల్సి వచ్చింది. గ్రీజు ఎండి నల్లటి జిగురులా అంటుకుంది, మీది రబ్బరు తొడుగు చిట్లి ఉంది. పిన్ను బిగిసిపోతే పంజా వెనక్కి జరగదు. బ్రేకు వదిలినా లోపలి ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. ఘాట్ మీద వచ్చిన కాలిన వాసన ఎక్కువగా ఈ చక్రానిదే అన్నారు. "ప్యాడ్లు మాత్రం మార్చి పంపితే కొత్తవీ ఇలాగే ఆరు నెలల్లో అరిగిపోతాయి. మళ్లీ కంపెనీ ప్యాడ్లు మంచివి కావంటారు."

ఈ పిన్నుకు మామూలు గ్రీజు రాయకూడదని ఆయన చెప్పారు. పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజే వాడాలి.

తర్వాత డిస్కు. వేలు పెట్టి చూడమన్నారు. అంచు దగ్గర ప్యాడ్ తగలని చోట చిన్న గట్టు తేలింది. సలహాదారు 'గాడి' అన్నది అదే. మేస్త్రి డిస్కు అంచు మీది తుప్పును ఇనుప బ్రష్షుతో రుద్దితే అచ్చులు బయటపడ్డాయి. కనీస మందం 18 మిల్లీమీటర్లు. ఆ అంకె డిస్కు మీదే పోతపోసి ఉంటుందని నాకు ఆ రోజు వరకూ తెలియదు. గట్టు మీద కాకుండా, ప్యాడ్ రాసుకునే చోట నాలుగు వైపులా మైక్రోమీటరుతో కొలిచారు. ఎడమది 19.1, కుడిది 19.3. కొలత నాలుగు చోట్లా దాదాపు ఒకటే.

"బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుందా?"

"లేదండీ."

"అయితే డిస్కు వంకర లేదు. ఈ ప్యాడ్లకు ఇది చాలు. వచ్చేసారి ప్యాడ్లు మార్చినప్పుడు డిస్కులు కూడా మార్చుకోండి. ఇప్పుడు మారిస్తే బాగున్నదాన్ని పారేసినట్టు."

అంటే 5,180 రూపాయలు ఆ అంకె దగ్గర ఆగిపోయాయి. అదే కొలత 17.8 అని వచ్చి ఉంటే ఆయన మారుద్దామనేవారు, నేనూ మారు మాట్లాడకుండా డబ్బు ఇచ్చేదాన్ని.

వెనక చక్రాల దగ్గర కథ తిరగబడింది. కుడి డ్రమ్ము తీస్తే షూల మీద లైనింగ్, అంటే రాపిడి పొర, మూడు మిల్లీమీటర్లకు పైనే ఉంది. సాధారణంగా ఒక మిల్లీమీటరు వరకూ వచ్చాకే మారుస్తారు. డ్రమ్ము లోపలి గోడ నున్నగా ఉంది. హమ్మయ్య, ఇక్కడ ఖర్చు లేదనుకున్నాను. ఎడమ డ్రమ్ము తీయగానే మేస్త్రి మాట్లాడకుండా టార్చి నాకిచ్చి లోపలికి చూపించారు. పైన వేలెడంత వీల్ సిలిండరు ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడికి అందులోని పిస్టన్లు బయటికి వచ్చి షూలను డ్రమ్ముకేసి నొక్కుతాయి. దాని రబ్బరు మూతను స్క్రూడ్రైవరుతో కొద్దిగా ఎత్తగానే ముదురు గోధుమరంగు చుక్క ఒకటి జారి, షూ మీద పడింది. షూ పై సగం అప్పటికే నల్లగా తడిసి మెరుస్తోంది.

"ఆయిల్ టాప్-అప్ అని మూడు బిల్లులు చూపించారు కదా. ఇక్కడికే పోయింది."

ప్యాడ్లు అరిగే కొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం కొంత దిగడం మామూలే. అందుకే మట్టం తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత లీకు వెతకాలి, ఆ తర్వాతే ఆయిల్ పోయాలి. నా బండికి ప్రతిసారీ చివరి పని ఒక్కటే చేశారు. ఆయిల్ పీల్చిన లైనింగును శుభ్రం చేసినా పట్టు తిరిగి రాదు. ఒక వైపు షూలు మార్చి రెండో వైపు పాతవి ఉంచితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. కాబట్టి నాలుగు షూలూ మార్చాల్సిందే. సిలిండర్లు కూడా రెండు వైపులా మారుద్దామన్నారు. ఒకే వయసు రబ్బరు, ఒకటి పోతే రెండోదీ ఎక్కువ కాలం ఉండదు.

నన్ను నిలిపేసిన విషయం ఇదే. ఆ 18,419 రూపాయల చీటీలో వీల్ సిలిండర్ ఊసే లేదు. డిస్కులు, డ్రమ్ములు, అలైన్‌మెంట్ అన్నీ ఉన్నాయి, కారుతున్న వస్తువు మాత్రం లేదు. అంత డబ్బూ కట్టి ఇంటికొచ్చి ఉంటే, కొత్త షూల మీద అదే చుక్క పడుతూ ఉండేది. ఖర్చు ఎక్కువని నాకు వచ్చిన కోపం అక్కడ పోయింది. దాని చోటులో భయం వచ్చింది.

డ్రమ్ముల్లో దుమ్మును గాలి గొట్టంతో ఊదబోయిన కుర్రాణ్ని మేస్త్రి గట్టిగా కసిరారు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటివాటిలో చాలావరకు లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి చేసి తుడవమన్నారు. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. ఇలాంటి షెడ్లన్నింటిలో ఈ మాట చెప్పే పెద్దవాళ్లు ఉండాలని ఆ క్షణాన గట్టిగా కోరుకున్నాను.

కావాల్సిన సామాన్లు ఒక కాగితం మీద రాసిచ్చారు. "నేను తెప్పిస్తే నా లాభం అందులో కలుస్తుంది. జె.సి. రోడ్డుకు మీరే వెళ్లి రండి. రిజిస్ట్రేషన్ కార్డు తీసుకెళ్లండి, ఛాసిస్ నంబరు చెప్తేనే సరైనవి ఇస్తారు." ఒకే పేరుతో అమ్మే కారుకే తయారైన ఏడాదిని బట్టి, మోడల్‌ని బట్టి ప్యాడ్ల ఆకారం మారుతుందట.

గరుడాచార్‌పాళ్య స్టేషనులో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి నడిచాను. జె.సి. రోడ్డు పొడవునా బండ్ల విడిభాగాల దుకాణాలే. ఒక గుమ్మంలో వేలాడే సైలెన్సర్లు, పక్క గుమ్మంలో సీటు కవర్లు, ఆ పక్కన అద్దాలు. రెండు దుకాణాల్లో అడిగి, మూడోదాంట్లో కొన్నాను.

ఆ దుకాణదారు మూడు రకాల ప్యాడ్లు బల్ల మీద పెట్టారు. కారు కంపెనీ ముద్ర ఉన్నది 2,350. బ్రేకులు తయారుచేసే సంస్థ తన సొంత పేరుతో అమ్మేది 1,950. పెట్టె మీద తయారీదారు చిరునామా కూడా సరిగా లేనిది 700. కార్ల కంపెనీలు ప్యాడ్లు తామే తయారు చేసుకోవు, విడిభాగాల సంస్థల దగ్గర కొంటాయి. చెన్నై పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా, అదే నగరానికి చెందిన రానే వంటివి దశాబ్దాలుగా ఈ పనిలో ఉన్నాయి. అందుకని మధ్యదాన్ని ఎంచుకోవడానికి నాకు సంకోచం కలగలేదు. 700 రూపాయలవాటిని మాత్రం చేత్తో కూడా తాకలేదు. బ్రేకుల దగ్గర ఖర్చు తగ్గించుకోవడం అంటే అవసరం లేని వస్తువును వదిలేయడమే. కావాల్సిన వస్తువులో నాసిరకం కొనడం పొదుపు కాదు, ప్రమాదం.

షూల పెట్టె మీద పాత ధర ముద్రించి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండ్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత నిల్వ కదా, కొత్త ధర ఎంత అని అడిగితే ఆయన కంప్యూటరులో చూసి తగ్గించే బిల్లు వేశారు. అడగకపోతే ఏం చేసేవారో తెలియదు గానీ, అడగడం మన హక్కు. ఆ బిల్లు భద్రంగా పెట్టుకున్నాను. వస్తువు తేడా వస్తే వెనక్కి ఇవ్వడానికి అదొక్కటే ఆధారం.

మధ్యాహ్నం రెండున్నరకు షెడ్డుకు తిరిగొచ్చాను. ప్యాడ్లు, షూలు, సిలిండర్లు బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత పని ఆయిల్ మార్చడం. అందులో నాకూ పని చెప్పారు. డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు.

"నొక్కండి... నొక్కండి... నొక్కి పట్టుకోండి."

కుర్రాడు చక్రం వెనక చిన్న నిపుల్‌ను స్పానరుతో వదులు చేస్తాడు. దానికి తగిలించిన సన్నటి గొట్టంలోంచి ఆయిల్ సీసాలోకి పోతుంది. నా కాలి కింద పెడల్ నేలకు దిగుతుంది. వాడు నిపుల్ బిగించి కేకేశాక వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి పీలుస్తుంది. ఆయిల్ డబ్బాకు దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా నాలుగూ చేశాం. మధ్యమధ్య మేస్త్రి పైన డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉన్నారు, మట్టం అడుగంటకుండా. మూడో చక్రం దగ్గర నా పిక్కలు పట్టేశాయి. అయినా లేవాలనిపించలేదు.

దిగి సీసా చూశాను. అడుగున చేరిన పాత ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. పైకి వచ్చే కొద్దీ పలచబడి, చివరి చక్రం నుంచి వచ్చింది లేత తేనె రంగులో మెరిసింది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక అదే ఆయిల్‌కు ప్రమాణం 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ మీద ఎడతెరిపి లేకుండా బ్రేకు తొక్కితే ఆ వేడి క్యాలిపర్‌లోని ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కిన ఒత్తిడంతా బుడగలను నలపడానికే పోయి చక్రానికి చేరదు. ఆ మధ్యాహ్నం నా కాలి కింద జరిగింది అదే. చల్లారగానే పెడల్ గట్టిపడటానికి కారణమూ అదే.

అందుకే రెండేళ్లకోసారి ఈ ఆయిల్ మార్చమంటారు. బండి ఎక్కువ తిరగకపోయినా సరే, తేమకు కిలోమీటర్లతో పనిలేదు. సర్వీసు సెంటరు చీటీలో అన్నిటికంటే తక్కువ ధర రాసిన సామాను, మా ప్రాణాల మీదకు తెచ్చింది.

మొత్తం లెక్క ఇది. ప్యాడ్లు 1,950, షూలు 1,280, వీల్ సిలిండర్లు రెండు 1,100, అర లీటరు ఆయిల్ సీసాలు రెండు 560, పిన్నుల గ్రీజు, రబ్బరు తొడుగులు 320, శుభ్రం చేసే స్ప్రే 280. సామాన్లకు 5,490. మేస్త్రి కూలీ 1,800. వెరసి 7,290 రూపాయలు. చీటీలో రాసిన దానికీ దీనికీ తేడా 11,129. అరుగుదలకు సంబంధించిన ఖర్చు కాబట్టి ఇన్సూరెన్సు దీనికి పైసా ఇవ్వదు, అదంతా మన జేబులోదే. మీ బండికి, మీ ఊళ్లో అంకెలు వేరేగా ఉంటాయి. నా బండికే ఇంకో పదిహేను వేల కిలోమీటర్ల తర్వాత అయితే డిస్కులు కూడా కలిసి పన్నెండు వేలు దాటేది. అది న్యాయమైన ఖర్చే అయ్యేది.

బయలుదేరే ముందు ఇంజను వేసి, పెడల్ గట్టిపడే దాకా పది పదిహేనుసార్లు తొక్కించారు. కొత్త ప్యాడ్లు వేశాక వాటిని నొక్కే క్యాలిపర్ పిస్టను వెనక్కి పోయి ఉంటుంది, మొదటిసారి తొక్కితే బ్రేకు పడకపోవచ్చు. ఈ ఒక్క పని మరిచి షెడ్డు గుమ్మంలోనే గోడను గుద్దినవాళ్లున్నారట. మొదటి మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, యాభై వేగం నుంచి మెల్లగా పదికి తగ్గిస్తూ నడపమన్నారు, ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేదాకా. గ్యారంటీ సంగతి అడిగితే, చేసిన పని, తేదీ, కిలోమీటర్లు కాగితం మీద రాసి సంతకం పెట్టారు. "నెల తర్వాత వెయ్యి కిలోమీటర్లు తిరిగాక తీసుకురండి. సిలిండర్లు ఊరికే చూస్తాను, డబ్బులొద్దు."

పాత ప్యాడ్లు, తడిసిన షూలు పేపర్లో చుట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. మా బాబు స్కూలు స్కేలుతో వాటిని కొలిచి, లోపలిది ఎందుకంత పలచన అయిందని అడిగాడు. పిన్ను సంగతి చెప్పాను. వాడు రెండు పెన్సిళ్లు పట్టుకుని పంజా ఎలా జరగాలో, ఎలా బిగుసుకుందో నాకే తిరిగి చూపించాడు.

నెల తర్వాత వెళ్లాను. ఎడమ వెనక డ్రమ్ము తీసి రబ్బరు మూత ఎత్తి చూపించారు. లోపల పొడిగా ఉంది. ముందు ప్యాడ్లు రెండూ సమానంగా ఉన్నాయి. డ్యాష్‌బోర్డు అరలో ఇప్పుడొక చిన్న పుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో రాసుకున్నవి: ఎడమ డిస్కు 19.1, కుడి డిస్కు 19.3, కనీసం 18. ఆయిల్ మార్చిన తేదీ, దాని కింద రెండేళ్ల తర్వాతి తేదీ.

వేసవి సెలవుల్లో అమ్మ మళ్లీ కొండకు వెళ్దామంది. దిగేటప్పుడు మొదటి మలుపు నుంచే రెండో గేరులో వచ్చాను. కిందికి చేరడానికి యాభై నిమిషాలు పట్టింది. అలిపిరి దాటి బండి ఆపి, దిగి ఎడమ ముందు చక్రం దగ్గర వంగి చూశాను. వేడి ఉంది. వాసన లేదు.